బార్బరెస్కోలో తొమ్మిది తోటలు: పాత సీసా ఒక్కటే కొనాలంటే ఏది?

ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో అనేది ఇటలీలోని బార్బరెస్కో ఊరి రైతుల వైను సంఘం. వాళ్ల రిజెర్వా (మామూలు దానికన్నా ఎక్కువ కాలం మాగబెట్టిన వైను) సీసాలు దుకాణం అరలో వరసగా పేర్చి ఉంటే, కొత్తగా చూసేవాళ్లకు ఒకే వైను తొమ్మిది సార్లు పెట్టినట్టు ఉంటుంది. లేబుల్ ఒకటే. సంవత్సరం ఒకటే. ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. ఒక్క మాట మాత్రం సీసా సీసాకూ మారుతుంది: అజీలి, రబయా, పోరా, మోంతెస్తెఫానో, ఒవెల్లో, పయే, మోంతెఫీకో, ముంకగోతా, రియో సోర్దో. ఇవి తొమ్మిది ద్రాక్ష తోటల పేర్లు.

"ఒక్కటే కొంటాను, ఏది కొనమంటావ్?" అని అడిగినవాళ్లకు నేను పేరు చెప్పను. ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఎప్పుడు తాగాలనుకుంటున్నారు? అప్పటిదాకా దాచడానికి చల్లటి చోటు ఉందా? ఈ రెండూ తేలితే తోట పేరు దానంతటదే తేలుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు పేరున్న తోట చూసి కొనేస్తారు, ఆ తర్వాత రెండు నెలలకే తెరిచి "ఇంత వగరా!" అని పక్కన పెట్టేస్తారు. అక్కడ తప్పు వైనుది కాదు.

బార్బరెస్కో ఊరు ఇటలీ వాయవ్య మూల పియెమోంతె ప్రాంతంలో, లాంగే కొండల మీద ఉంది. దగ్గరి పట్నం ఆల్బా. నేలలో పెరిగే పుట్టగొడుగు జాతి తెల్ల ట్రఫుల్స్‌కు పేరున్న ఆల్బాయే, మన పిల్లలకు తెలిసిన నుటెల్లా తయారు చేసే ఫెర్రేరో కంపెనీకి కూడా పుట్టిల్లు. అక్కడి నుంచి తానరో నది వెంట కొన్ని కిలోమీటర్లు దిగువకు వస్తే, గట్టు మీద మధ్యయుగాల నాటి ఎత్తైన చదరపు బురుజు, దాని కింద ఒకే వీధి ఉన్న ఊరు కనిపిస్తాయి. ఈ కొండల ద్రాక్ష తోటల దృశ్యాన్ని యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బార్బరెస్కో అన్న పేరుతో అమ్మే వైను నూటికి నూరు పాళ్లూ నెబ్బియోలో ద్రాక్షతోనే చేయాలి. బార్బరెస్కో, నేయివె, త్రెయిజో ఊళ్లలోనూ, ఆల్బా పట్నం కిందికి వచ్చే ఒక చిన్న శివారులోనూ పండినదే అయి ఉండాలి.

నెబ్బియోలో గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పాత సీసా ఎంపికంతా దీని స్వభావం మీదే ఆధారపడి ఉంది. ఈ ద్రాక్ష తొక్క పలుచన, రంగు తక్కువ. గ్లాసులో పోస్తే అవతలి వేళ్లు కనిపిస్తాయి. పలుచగా ఉంది కదా అని ఓ గుక్క వేస్తే చిగుళ్లు పట్టేస్తాయి. నేరేడు పళ్లు గుప్పెడు తిన్నాక నాలుక ఎలా బిగుసుకుంటుందో అలాంటి వగరు, దాని వెంటే పులుపు. ఆ వగరూ పులుపే ఈ వైనును ఇరవై ముప్ఫై ఏళ్లు నిలబెడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ వగరు కణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి సీసా అడుగున మడ్డిగా దిగుతాయి. పైనున్న వైను మెత్తబడుతుంది. లేతప్పుడు తాజా చెర్రీ, గులాబీ వాసన వచ్చేది, మాగాక ఎండిన గులాబీ రేకులు, తారు, అతిమధురం, తడిసిన ఆకులు, పుట్టగొడుగుల వాసనలోకి మారుతుంది. గుల్కందు డబ్బా మూత తీసినప్పటి వాసన నాకు ప్రతి మంచి పాత బార్బరెస్కోలోనూ తగులుతుంది.

మరి ఇంతమంది ఉత్పత్తిదారులుండగా ప్రొదుత్తోరి గురించే ఎందుకు చెబుతున్నానంటే, అది ఒక సహకార సంఘం. సహకార సంఘం అనగానే చవక సరుకు అనే భావన ఇటలీలోనూ ఉంది. ఇక్కడ మాత్రం అది నిజం కాదు.

1894కు ముందు ఈ ఊరి నెబ్బియోలోను ఎక్కువగా పొరుగున ఇదే ద్రాక్షతో చేసే బరోలో వైను తయారీదారులకు అమ్మేసేవారు. సొంత పేరే లేదు. ఆల్బాలోని ప్రభుత్వ వైను విద్యా పాఠశాల పెద్ద దొమిత్సియో కవాత్సా ఆ ఏడాది తొమ్మిది మంది రైతులను కూడగట్టి, ఊళ్లో తనకున్న కోటలో ఉమ్మడిగా వైను చేయించాడు. బార్బరెస్కో అనే పేరుకు గౌరవం అక్కడ మొదలైంది. ఫాసిస్టుల కాలంలో ఆ సంఘం మూతపడింది. యుద్ధం తర్వాత ఊరు ఖాళీ అవుతూ, చిన్న రైతులు కాయను వచ్చిన ధరకు అమ్ముకుంటున్న రోజుల్లో, 1958లో ఊరి చర్చి పాద్రి పంతొమ్మిది మంది రైతులను కూర్చోబెట్టి ప్రొదుత్తోరి సంఘం పెట్టించాడు. మొదటి మూడు పంటల వైనూ చర్చి నేలమాళిగలోనే తయారైంది. ఆ తర్వాత చర్చి ముందున్న చౌరస్తాకు అవతలి పక్కన సొంత కట్టడం వచ్చింది. ఇవాళ యాభైకి పైగా కుటుంబాలు, వంద హెక్టార్లకు పైగా నెబ్బియోలో తోటలు ఈ సంఘంలో ఉన్నాయి.

సంఘం నియమం కఠినమైనది. సభ్యుడు తన నెబ్బియోలో మొత్తం సంఘానికే ఇవ్వాలి, మంచి కాయ ఇంట్లో ఉంచుకుని మిగతాది ఇస్తానంటే కుదరదు. డబ్బు తూకాన్ని బట్టి మాత్రమే కాదు, కాయ నాణ్యతను బట్టి. ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం: రిజెర్వా సీసా మీద ఆ తోటలో కాయ పండించిన కుటుంబాల పేర్లు అచ్చువేస్తారు. పియెమోంతె ముఖ్య నగరం తూరినోలో చదువుకున్న రెండేళ్లలో ఒకసారి స్నేహితులతో ఆ ఊరు వెళ్లాను. చౌరస్తాలోని సంఘం దుకాణంలో ఒవెల్లో సీసా చేతిలో పట్టుకుని వెనక వైపు పేర్లు చదువుతుంటే, గుమ్మంలోంచి బురదకాళ్లతో లోపలికొచ్చిన ఒక పెద్దాయన్ని అక్కడి అమ్మాయి ఆ వరసలోని ఇంటిపేరుతోనే పలకరించింది. కొన్న సీసా రుచి ఎలా ఉన్నా, ఆ క్షణం తర్వాత నేను ఈ వైనును వేరేలా చూడలేకపోయాను.

ఈ తొమ్మిదిటినీ పోల్చి చూడగలగడానికి అసలు కారణం తయారీలో ఉంది. తొమ్మిది తోటల కాయనూ ఒకే కట్టడంలో, ఒకే చేతులతో, ఒకే పద్ధతిలో వైను చేస్తారు. పెద్ద పెద్ద ఓక్ పీపాల్లో దాదాపు మూడేళ్లు, ఆ తర్వాత సీసాలో మరో ఏడాది. చిన్న కొత్త పీపాల వెనిల్లా, కాల్చిన చెక్క వాసన దీనిలో ఉండదు. కాబట్టి రెండు సీసాల మధ్య మీకు తేడా కనిపిస్తే అది మట్టిది, ఎండది, వాలుది. ఇటలీలో నేల తేడాను ఇంత శుభ్రంగా, అందుబాటు ధరలో రుచి చూపించే చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఒక చిన్న స్పష్టత. ఇక్కడ తోట అంటే ఒకరి సొంత పొలం కాదు. మన ఊళ్లలో 'చెరువు కింది మడి', 'రేగడి చేలు' అంటే నలుగురైదుగురు రైతులవి కలిసి ఉంటాయి కదా, అలా ఆ వాలు మొత్తానికి ఉన్న పేరు. బార్బరెస్కోలో ఇలాంటి 66 పేర్లకు 2007లో అధికారికంగా హద్దులు గీశారు. అందుకే ఎవరైనా 'అజీలి' అంటే, ఎవరి అజీలి అని అడగాలి. ప్రొదుత్తోరిదీ ఉంది, జకోజా, చెరెత్తో, రోఆన్యా అనే వేరే ఉత్పత్తిదారులవీ ఉన్నాయి. పేరు ఒకటైనా ధరలు ఒకదానికొకటి పొంతన లేనివి.

ఇక తోటలు.

అజీలి తోట బార్బరెస్కో ఊరికి దక్షిణాన, దక్షిణం నుంచి నైరుతి వైపు తిరిగిన వాలు. తొమ్మిదిటిలో సువాసన సున్నితంగా ఉండేది ఇదే. వగరు ఉంటుంది కానీ పట్టు దారంలా సన్నగా సాగుతుంది, ముద్దగా తగలదు. పేరు పెద్దది కాబట్టి దుకాణాల్లో మొదట అయిపోయేదీ ఇదే. దానికి ఆనుకునే ఉన్న రబయా కాస్త కండ పట్టిన మనిషి లాంటిది. నోరు నిండుతుంది, మసాలా దినుసుల ఛాయ ఉంటుంది, మధ్యలో ఎక్కడా వెలితి తెలియదు. ఇద్దరు ముగ్గురు కలిసి తాగే బల్ల మీద మొదటి ఓటు ఎప్పుడూ రబయాకే పడటం చూశాను. అయితే మరుసటి రోజు సీసాలో మిగిలిన అరగ్లాసు తాగి చూస్తే అజీలి ఇంకా కొత్త సంగతులు చెబుతూ ఉంటుంది. నన్ను ఒకటి తేల్చమంటే, పదేళ్ల సీసాకు రబయా, పదిహేనేళ్ల సీసాకు అజీలి.

మోంతెస్తెఫానో వీటికి భిన్నం. ఇది బార్బరెస్కో అయినా బరోలో పోలిక ఎక్కువ అని అక్కడివాళ్లే అంటారు. దక్షిణం వైపు నిలువుగా తిరిగిన వాలు, ముదురు వాసన, గట్టి వగరు. లేతగా ఉన్నప్పుడు తాగితే తలుపు మూసిన ఇంటి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. పంట నుంచి పదిహేనేళ్లు దాటితే ఆ తలుపు తెరుచుకుంటుంది. నేను తాగిన 2004 మోంతెస్తెఫానో ఇప్పటికీ కళ్ల ముందుంది. బిరడా కింది భాగం మాత్రమే తడిసి నల్లటి ఊదా రంగు పట్టింది, పైభాగం పొడిగా గట్టిగా ఉంది. గ్లాసు అంచున ఇటుక రంగు, నడుమ పలుచటి దానిమ్మ రసం రంగు. మొదటి పది నిమిషాలు పాత ఇనప్పెట్టె తెరిచిన వాసన తప్ప ఏమీ లేదు. నలభై నిమిషాలకు గులాబీ వచ్చింది. గంటన్నరకు బల్ల మీదున్న నలుగురమూ మాట్లాడటం ఆపేశాం.

మోంతెఫీకో కూడా దీని పొరుగుదే, ఇంచుమించు దీని దారే. కొంచెం ఇంకా బిగువు, కొంచెం తక్కువ ప్రేమ. దాచగలిగినవాళ్లకే.

ఒవెల్లో ఊరికి ఉత్తరాన. ఇక్కడి వైనులో పులుపు చురుగ్గా ఉంటుంది, వగరు కూడా చెంగుచెంగున దూకే రకం. వేడి ఎక్కువైన సంవత్సరాల్లో నేను కళ్లు మూసుకుని ఒవెల్లో తీసుకుంటాను, ఎందుకంటే మిగతావి కాస్త బద్ధకంగా మారిన ఏడాది కూడా ఇది తాజాగా నిలబడుతుంది. పోరా దీనికి ఎదురు. నదికి దగ్గరగా ఉన్న వాలు, త్వరగా మెత్తబడే వైను. పంట నుంచి ఏడెనిమిదేళ్లకే సంతోషంగా తాగొచ్చు. మొదటిసారి నెబ్బియోలో తాగేవాళ్లకు పోరా, లేదంటే రియో సోర్దో ఇవ్వండి. రియో సోర్దో ఇంకాస్త నాజూకు, వగరు మెత్తన, వాసనలో ఎర్ర పళ్లు ముందుంటాయి. పేరు తక్కువగా వినిపిస్తుంది కాబట్టి మిగతావి అయిపోయాక కూడా అరలో దొరుకుతుంది. దొరికితే వదలకండి.

పయే సున్నం ఎక్కువున్న నేల, సన్నటి వెలుతురు లాంటి వైను, పులుపు ముందు తగులుతుంది. ముంకగోతా ఒకప్పుడు మొక్కగత్తా పేరుతో వచ్చేది, పాత సీసాల మీద ఆ పేరే ఉంటుంది, రెండూ ఒకటే. ఈ రెండూ మంచివే, కానీ ఒక్క సీసా మాత్రమే కొనేవాళ్లకు నేను ముందుగా చెప్పేవి కావు.

అసలు రిజెర్వాయే కొనాలా అన్న ప్రశ్న కూడా ఉంది. ప్రొదుత్తోరి ఏ తోట పేరూ వేయని మామూలు బార్బరెస్కో కూడా చేస్తుంది. ధర రిజెర్వా కన్నా బాగా తక్కువ. చట్టం ప్రకారం మామూలు బార్బరెస్కోకు 26 నెలలు మాగబెట్టాలి, అందులో 9 నెలలు చెక్కలో. రిజెర్వాకు 50 నెలలు. ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. తోట పేర్లతో రిజెర్వాలు ప్రతి ఏడూ రావు. సంవత్సరం తగినంత బాగాలేదని సంఘం అనుకుంటే తొమ్మిది తోటల కాయా మామూలు బార్బరెస్కోలోకే వెళ్తుంది. అంటే అజీలి, రబయా కాయ మీకు తక్కువ ధర సీసాలోనే దొరుకుతుంది. నాలుగైదేళ్లలో తాగేయాలనుకునే వాళ్లకు, ఇంట్లో చల్లటి చోటు లేనివాళ్లకు నా సలహా ఎప్పుడూ ఈ మామూలు సీసాయే. దాన్ని తక్కువగా చూడొద్దు. మంచి సంవత్సరానిదైతే పదిహేనేళ్లు హాయిగా ఉంటుంది. అదే సంఘం చేసే లాంగే నెబ్బియోలో (బార్బరెస్కో పేరు లేకుండా, లాంగే కొండల పేరుతో అమ్మే వైను) మాత్రం దాచడానికి కాదు, కొన్న ఏడాది తాగడానికి.

ఇతర ఉత్పత్తిదారులతో పోల్చి చూద్దాం. అదే ఊరి వీధిలో గాయా కుటుంబం ఉంది, 1859 నుంచి. వాళ్ల సొరీ సాన్ లొరెంజో 1967 పంటతో, సొరీ తిల్దిన్ 1970తో, కోస్తా రుస్సి 1978తో మొదలయ్యాయి. ప్రొదుత్తోరి కూడా తోటల పేర్లతో విడిగా సీసాలు కట్టడం మొదలుపెట్టింది 1967 పంటతోనే. ఒకే వీధిలో ఒకే ఏడాది ఒకే ఆలోచన. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. అంజెలో గాయా చిన్న ఓక్ పీపాలు తెచ్చాడు, ప్రపంచ మార్కెట్లో ఈ ఊరి పేరును నిలబెట్టాడు. ఆ మూడు వైనులనూ 1996 పంట నుంచి బార్బరెస్కో పేరు వదిలేసి లాంగే నెబ్బియోలోగా అమ్మాడు, 2013 పంటతో మళ్లీ బార్బరెస్కో పేరుకు వచ్చారు. కాబట్టి పాత గాయా సీసా కొనేటప్పుడు లేబుల్ మీద బార్బరెస్కో అని లేదని నకిలీ అనుకోకండి, ఆ మధ్య సంవత్సరాల్లో అది లేకపోవడమే నిజం. వైను గొప్పది, నిండుగా, మెరుగు పెట్టినట్టు ఉంటుంది. కానీ ఆ ఒక్క సీసా డబ్బుకు ప్రొదుత్తోరి రిజెర్వాలు అయిదారు వస్తాయి. నేలలను పోల్చి తెలుసుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకు ఆ అయిదారే ఎక్కువ ఇస్తాయి.

నేయివెలోని బ్రూనో జకోజా వైనులు వేరే కథ. పెద్ద పీపాలు, పాత పద్ధతి, కానీ ఆయన చేతిలో ఏదో నిశ్శబ్దం ఉండేది. ఎర్ర లేబుల్ వేస్తే రిజెర్వా అని గుర్తు. నచ్చకపోతే మొత్తం పంటనే సీసాల్లోకి ఎక్కించకుండా ఆపేసేవాడు, 2006 బరోలో, బార్బరెస్కోలను అలాగే ఆపాడు. ఆయన 2018 జనవరిలో చనిపోయాడు. ఆయన కాలపు ఎర్ర లేబుల్ అజీలి జీవితంలో ఒక్కసారి తాగే అవకాశం వస్తే కాదనకండి. కానీ కొనేముందు సీసా ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో కాగితాలు అడగండి, ఆ ధరలో నకిలీలకు, పాడైన సరుకుకు ప్రమాదం ఎక్కువ.

బరోలో తీసుకోవాలా అని అడిగేవాళ్లకు: బరోలో ప్రాంతం బార్బరెస్కోకు దాదాపు మూడింతలు, మాగే కాలం కూడా ఎక్కువ, కనీసం 38 నెలలు, రిజెర్వాకు 62. అందులో సెర్రలుంగ ఊరి వైపు తోటలవి మోంతెస్తెఫానో కన్నా ఇంకా కఠినం. పాతికేళ్ల తర్వాత తాగాలనుకుంటే బరోలో వైపు వెళ్లండి. పది, పదిహేనేళ్లలో అయితే బార్బరెస్కోయే ముందుగా మాట వింటుంది.

సంవత్సరాల విషయం తోట ఎంపికంత ముఖ్యం. 2016, 2019, 2013 చల్లటి రాత్రులతో నెమ్మదిగా పండిన సంవత్సరాలు, దాచడానికి ఇవి. 2015, 2017 వేడి సంవత్సరాలు, పండు రుచి ముందుకొచ్చి త్వరగా సిద్ధమయ్యాయి. 2011 ఇప్పుడు తాగేయొచ్చు. 2014ను చాలామంది వర్షాల ఏడాదని కొట్టిపారేస్తారు, కానీ బరోలో మీద పడ్డంత వాన బార్బరెస్కో మీద పడలేదు. ఆ ఏటి ఒవెల్లో, పయే సన్నగా, సువాసనగా ఉన్నాయి, ధర కూడా తక్కువ. ఇంకా వెనక్కి వెళ్తే 2004, 2001, 1999 నమ్మకమైనవి. 1996 గొప్ప ఏడాదే, కానీ వగరు ఇంకా వదలని సీసాలు చూశాను. ఇంట్లో ఎవరైనా పుట్టిన సంవత్సరం కోసం వెతికేవాళ్లు, ఆ ఏడాది రిజెర్వా రాకపోతే మామూలు బార్బరెస్కో తీసుకోండి, వేరే సంవత్సరంతో సరిపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇంతవరకూ చెప్పిందంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది: సీసా సరిగ్గా నిల్వ ఉండాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉండేవాళ్లకు ఇది మిగతా అన్నిటికన్నా ముందు మాట. తిరిగొచ్చిన మొదటి ఏడాది నేను ఒక మంచి సీసాను వంటింటి పై అరలో, చీకటిగా ఉంటుంది కదా అని పెట్టాను. ఏప్రిల్, మే గడిచాయి. జూన్‌లో తీసి చూస్తే బిరడా సీసా మూతికన్నా వెంట్రుకవాసి పైకి లేచి ఉంది, దాని మీది రేకు లోపల జిగురు. పోస్తే గులాబీ లేదు, ఉడికించిన రేగుపళ్ల వాసన, నోట్లో బెల్లం పాకం అడుగంటినట్టు చేదు. పదేళ్లు కష్టపడి నిలబడిన వైనును రెండు నెలల ఎండ ముగించేసింది. వైనుకు 12 నుంచి 14 డిగ్రీలు కావాలి, మార్పులు లేకుండా. చిన్న వైను కూలర్ కొనే ఉద్దేశం లేకపోతే పాత సీసా కొనకండి. కొన్ని వారాలకైతే మామూలు ఫ్రిజ్ అడుగు అర ఫర్వాలేదు, ఏళ్లకు కాదు.

పాత సీసా కొనేటప్పుడు దుకాణంలో చూడాల్సినవి ఇవీ. సీసాను నిలబెట్టి వెలుతురుకు పట్టి, బిరడా కింద వైను ఎంత దిగిందో చూడండి. ఇరవై ఏళ్ల సీసాలో మూడు నాలుగు సెంటీమీటర్లు దిగితే సహజం. అయిదారు దాటితే గాలి లోపలికి వెళ్లినట్టే అనుకోండి. బిరడా పైన బూజు ఉంటే భయపడొద్దు, తడి నేలమాళిగలో పడుకున్న గుర్తు అది. బిరడా ఉబ్బి ఉన్నా, లేబుల్ మీద వైను కారిన చారలున్నా వదిలేయండి. ఎండ పడే అద్దాల కిటికీలో నిలబెట్టిన సీసా ఏ తోటదైనా, ఏ సంవత్సరానిదైనా కొనొద్దు. అలాంటి చోట తగ్గింపు ధర చూసి నేనూ ఒకసారి ఆగాను, తర్వాత ఆ గాజు మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది.

మన దగ్గర దిగుమతి వైను మీద సుంకమే చాలాకాలం 150 శాతం ఉంది, ఆపైన రాష్ట్ర పన్నులు. అందుకే ఇక్కడి దుకాణాల్లో ఈ రిజెర్వాలు కనిపించడం అరుదు, కనిపించినా ధర రెండు మూడింతలు. విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లను తెమ్మనేటప్పుడు తోట పేరు, సంవత్సరం రెండూ రాసి పంపండి. 'ఏదో ఒక బార్బరెస్కో' అంటే ఏదో ఒకటే వస్తుంది. విమానంలో వచ్చిన పాత సీసాలో మడ్డి అంతా కలిసిపోతుంది, రెండు మూడు వారాలు చల్లటి చోట కదపకుండా పడుకోబెట్టాలి.

తెరిచే ముందు ఒక రోజంతా సీసాను నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. సీసా మెడ కింద సెల్‌ఫోన్ దీపం పెట్టి, వేరే పాత్రలోకి ఒకే ధారగా నెమ్మదిగా వంచండి. నల్లటి గీత మెడ దాకా రాగానే ఆపేయండి. పదేళ్ల లోపు వైనుకు రెండు మూడు గంటల గాలి మేలు చేస్తుంది. ఇరవై దాటినదాన్ని మాత్రం పాత్రలో పోసి మర్చిపోవద్దు, గ్లాసులోనే మెల్లగా తెరుచుకోనివ్వండి. 16 నుంచి 18 డిగ్రీల చలువలో తాగాలి. మన గదుల వేడిలో అలాగే పోస్తే మద్యం ఘాటు తప్ప ఏమీ తెలియదు.

పియెమోంతెలో దీన్ని వైనులోనే ఉడికించిన గొడ్డు మాంసంతో, గుడ్డు సొనతో కలిపిన సన్నటి తయరిన్ సేమ్యాతో, ట్రఫుల్‌తో తింటారు. మన బల్ల మీద ఎర్ర కారం దీనికి శత్రువు. కారం, నెబ్బియోలో వగరు కలిస్తే రెండూ మండుతాయి. మిరియాలతో నేతిలో నెమ్మదిగా వండిన మటన్, ఎముకల పులుసు, పుట్టగొడుగుల వేపుడు బాగా కుదురుతాయి. గోంగూర మటన్ ఎంత ఇష్టమైనా ఆ రోజుకు పక్కన పెట్టండి, ఆ పులుపు ముందు ఈ వైను నీళ్లలా అయిపోతుంది.

ఈ డిసెంబరులో మా తమ్ముడు మిలాన్ నుంచి వస్తున్నాడు. రెండు సీసాలు రాసి పంపాను. ఒకటి 2017 రియో సోర్దో, మూడు వారాలు పడుకోబెట్టి సంక్రాంతికి తెరవడానికి. ఇంకొకటి 2016 మోంతెస్తెఫానో, కూలర్ అడుగు అరలో 2031 దాకా ముట్టుకోకుండా ఉంచడానికి.